వీరగాథా గానం – పునరభినయం: పల్నాటి కథపై ఒక పరిశీలన

ఈ పాఠం మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని చేయండి. 'పల్నాడు' అనగానే మీకు మొదట ఏ మాట గుర్తుకొస్తుందో పుస్తకం అంచున రాసుకోండి. మీలో చాలామంది 'పౌరుషం' అని రాసి ఉంటారు. పల్నాటి కథ పూర్తిగా చదవనివారు, ఆ ప్రాంతం వైపు ఎన్నడూ వెళ్లనివారు కూడా అదే మాట రాస్తారు. పాఠం చివర ఆ మాట దగ్గరికే తిరిగి వద్దాం.

ఒక ప్రాంతం తన గతాన్ని రెండు రకాలుగా దాచుకుంటుంది. ఒకటి పాట. రెండోది, జరిగిందనుకున్న సంఘటనను జరిగిందనుకున్న చోటే ఏటేటా మళ్లీ చేసి చూపడం. ఈ రెండోదాన్ని ఈ పాఠంలో 'పునరభినయం' అందాం. నాటకానికీ దీనికీ తేడా ఉంది. నాటకాన్ని గుంటూరులోనూ ఆడవచ్చు, వరంగల్లులోనూ ఆడవచ్చు. పునరభినయానికి ఆ నేలే కావాలి, ఆ తిథే కావాలి. చేసేవారు తమను నటులమని అనుకోరు, చూసేవారూ ప్రేక్షకుల్లా దూరంగా కూర్చోరు. పల్నాటి కథకు ఈ రెండు రూపాలూ ఉన్నాయి. సాధారణంగా ఒకటి రెండోదానికి తోడు అనుకుంటాం. కానీ జాగ్రత్తగా చూస్తే, వేదికల మీద మనకు వినిపించే పాట ఒక మాట చెబుతోంది, కారెంపూడిలో జరిగే ఉత్సవం మరో మాట చెబుతోంది.

ముందుగా 'దేశాభిమానం' అన్న మాట సంగతి. ఇవాళ దేశం అంటే భారతదేశం. పాత తెలుగులో ఆ మాట అంత పెద్దది కాదు. వెలనాడు, పాకనాడు, కమ్మనాడు, పలనాడు, వేటికవే దేశాలు. మనిషి తన నాటి చెరువు, తన నాటి దేవుడు, తన దొర, తన పశువుల మంద, వీటి మీద పెట్టుకున్న మమకారమే అప్పటి దేశాభిమానం. కాబట్టి పల్నాటి గాథను దేశభక్తి గీతమని పిలిచేటప్పుడు ఇప్పటి అర్థాన్ని దాని మీద మోపకూడదు. ఆ యుద్ధంలో బయటి శత్రువు లేడు. రెండు వైపులా ఉన్నది పల్నాటివారే.

కథ మీకు తెలిసే ఉంటుంది, అయినా క్లుప్తంగా గుర్తు చేస్తాను. హైహయ వంశపు అన్నదమ్ముల మధ్య రాజ్యం రెండుగా చీలింది. గురజాలలో నలగామరాజు, మాచర్లలో మలిదేవరాజు. నలగాముని పక్షాన మంత్రిణి నాయకురాలు నాగమ్మ, మలిదేవుని పక్షాన బ్రహ్మనాయుడు. కోడిపందెంలో ఓడి మాచర్లవారు ఏడేళ్లు వలస పోయారు. ఆ కాలంలోనే వారి పశువుల మంద మీద దాడి జరిగింది. గడువు తీరాక రాజ్యభాగం అడగడానికి రాయబారిగా వెళ్లిన అలరాజు చర్లగుడిపాడులో విషప్రయోగానికి బలయ్యాడు. అతని భార్య పేరిందేవి నలగామరాజు కూతురే. ఆమె భర్తతోపాటు చితి ఎక్కింది. చివరికి 12వ శతాబ్దం చివరి భాగంలో కార్యమపూడి దగ్గర, అంటే నేటి కారెంపూడి దగ్గర, నాగులేటి ఒడ్డున యుద్ధం. బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడు అందులో చనిపోయాడు. అంతా అయ్యాక బ్రహ్మనాయుడు గుత్తికొండ బిలంలోకి వెళ్లిపోయాడని కథ. విజయోత్సవం ఎక్కడుందని వెతికితే కనిపించదు.

ఈ గాథను పాడడం ఎంత పాతదో తెలుసుకోవడానికి మనకు ఒక మంచి సాక్ష్యం ఉంది, వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధమైన 'క్రీడాభిరామం'. ఆ వీథినాటకంలో ఓరుగల్లు వీధుల్లో తిరిగే మిత్రులిద్దరికీ ఒకచోట ఒక స్త్రీ కనిపిస్తుంది. వాద్యం వాయిస్తూ, ద్విపదలో పల్నాటి వీరుల కథ పాడుతూ ఉంటుంది. ఆ పద్యంలో కవి గమనించిన ముఖ్యమైన విషయం పాటను గురించినది కాదు, వినేవారిని గురించినది. ఆమె పాడే ఒక్కొక్క అక్షరానికీ అక్కడి యువకులు కేకలు పెడుతూ తూలిపోతున్నారట. దీన్ని బట్టి రెండు విషయాలు తెలుస్తున్నాయి. పల్నాటికి అంత దూరాన, కాకతీయుల నగరంలో కూడా ఈ కథకు శ్రోతలున్నారు. ఆ శ్రోతలు చెవులతో మాత్రమే వినలేదు, ఒంటితో విన్నారు. పాటా పునరభినయమూ అప్పటికింకా విడిపోలేదు. ఈ పద్యాన్ని సాధారణంగా ఛందశ్శాస్త్ర చర్చలో, ద్విపద ప్రాచీనతకు ఆధారంగా వాడతారు. నా దృష్టిలో అందులోని ఆ తూలిపోతున్న కుర్రవాళ్లే ఎక్కువ విలువైన ఆధారం.

ఇక గ్రంథస్థమైన పాఠం. శ్రీనాథుని పేర ఉన్న 'పలనాటి వీరచరిత్ర' మంజరీ ద్విపదలో సాగుతుంది. మనకు ఆయన పేర దొరికినది ప్రధానంగా బాలచంద్రుని యుద్ధభాగం. కర్తృత్వం మీద పండితుల్లో వాదాలున్నాయి, వాటిలోకి ఇప్పుడు పోవద్దు. ఈ భాగాన్ని చదివిన ప్రతివారికీ గుర్తుండేది బొంగరాల ఆట ఘట్టం. బాలచంద్రుడు బొంగరం వేస్తాడు. అది అన్నమ్మ అనే కోమటి స్త్రీ కాలికి తగిలి గాయమవుతుంది. ఆమె కోపంతో, నీ వాళ్లందరూ యుద్ధభూమిలో ఉంటే నువ్వు ఇక్కడ బొంగరాలాడుతున్నావా అని దెప్పిపొడుస్తుంది. యుద్ధం సంగతి అప్పటిదాకా అతనికి తెలియనివ్వలేదు. అక్కడి నుంచి తల్లి ఐతాంబ దగ్గర సెలవు, భార్య మాంచాల దగ్గర సెలవు, రణరంగం.

పాఠ్యపుస్తకాల్లోకి, ఏకపాత్రాభినయాల్లోకి, పాటల పోటీల్లోకి వచ్చింది ఈ భాగమే. ఇందులో ఉత్సాహం ఉంది, తొడగొట్టే మాటలున్నాయి. కానీ ఈ భాగంలోనే మరో ఘట్టం కూడా ఉంది. దాన్ని ఎవరూ పోటీల్లో చెప్పరు. బాలచంద్రుడి వెంట వేర్వేరు కులాలకు చెందిన సోదరులు యుద్ధానికి బయలుదేరతారు. వారిలో అనపోతు బ్రాహ్మణుడు. అతన్ని చావనివ్వడం ఇష్టంలేక, మరచిపోయిన వస్తువు ఒకటి ఇంటి నుంచి తెమ్మని నెపం పెట్టి బాలచంద్రుడు వెనక్కి పంపేస్తాడు. తనను కావాలనే వదిలి వెళ్లారని తెలిశాక అనపోతు ప్రాణం తీసుకుంటాడు. రక్షించాలనుకున్న మనిషే అందరికన్నా ముందు చనిపోయాడు. ఇక్కడ వీరరసం కరుణ ముందు నిలవలేకపోతుంది. ఘట్టాన్ని విడదీసి వాడుకునేవారు దీన్ని వదిలేయడంలో ఆశ్చర్యం లేదు, ఎందుకంటే ఇది ఉన్నంతసేపూ పక్కనున్న పౌరుష వాక్యాల్ని నిశ్చింతగా పాడలేం.

ఈ విడదీయడం ఎప్పుడు మొదలైంది? ఒక తేదీ చెప్పలేం కానీ, ఒక కాలం చెప్పవచ్చు. వందేమాతరం ఉద్యమం తర్వాత తెలుగువారు తమ గతం కోసం ఆత్రంగా వెతుక్కున్నారు. 1906లో విజ్ఞానచంద్రికా గ్రంథమండలి ఏర్పడింది. 1910లో చిలుకూరి వీరభద్రరావు 'ఆంధ్రుల చరిత్రము' మొదటి భాగం వచ్చింది. 1911లో అక్కిరాజు ఉమాకాంతం 'పలనాటి వీరచరిత్ర'ను పరిష్కరించి ప్రచురించాడు. 1913లో బాపట్లలో తొలి ఆంధ్ర మహాసభ జరిగింది. ఈ వరుస చూడండి. ఒక నాటి గాథ ఏడు వందల ఏళ్లు గాయకుల నోట ఉండి, సరిగ్గా ఆంధ్రోద్యమం పుడుతున్నప్పుడు అచ్చులోకి వచ్చింది. అక్కిరాజువారి కృషి లేకపోతే మనకు ఆ పాఠం దక్కేది కాదేమో, ఆ ఋణం ఒప్పుకోవాలి. అయితే అచ్చులోకి రావడంతో పలనాటి వీరుడు ఆంధ్రవీరుడయ్యాడు. అన్నదమ్ముల కలహంలో ఒక పక్షం యోధుడు మొత్తం జాతికి ప్రతినిధి కావాలంటే, అతను ఎవరితో పోరాడాడన్నది కొంత మసకబారాలి. మసకబారింది.

తరువాతి మాధ్యమాలు ఒక్కొక్కటీ తమ కాలానికి కావలసింది తీసుకున్నాయి. 'మాలపిల్ల' తీసిన గూడవల్లి రామబ్రహ్మం 'పల్నాటి యుద్ధం' మొదలుపెట్టి, మధ్యలోనే మరణించాడు. ఎల్.వి. ప్రసాద్ పూర్తిచేస్తే 1947లో విడుదలైంది. నాగమ్మగా కన్నాంబ, బ్రహ్మనాయుడుగా గోవిందరాజుల సుబ్బారావు, బాలచంద్రుడుగా అక్కినేని నటించారు. 1966లో గుత్తా రామినీడు మళ్లీ తీస్తే బ్రహ్మనాయుడుగా ఎన్.టి. రామారావు, నాగమ్మగా భానుమతి నటించారు. షేక్ నాజర్ బుర్రకథగా చెప్పాడు. వీటిని తక్కువ చేయనవసరం లేదు. నాగమ్మ పాత్రకు కన్నాంబనూ భానుమతినీ ఎంచుకున్నారంటేనే ఆ పాత్ర బరువు దర్శకులకు తెలుసన్నమాట.

ఇక్కడ మరో రకం పాటను పక్కన పెట్టి చూడడం మంచిది. శంకరంబాడి సుందరాచారి 1942లో రాసిన 'మా తెలుగు తల్లికి' మీరు బడిలో పాడే ఉంటారు, లేదా విని ఉంటారు. అందులో రుద్రమ్మ, తిమ్మరుసు, కృష్ణరాయలు, తిక్కన, త్యాగయ్య వస్తారు. పేర్లు వస్తాయి, కథలు రావు. ఒక్కొక్క పేరు ఒక దండలో పువ్వులా కూర్చి ఉంటుంది. ఆ పాటను అభినయించడానికి ఏమీ లేదు, నిలబడి పాడాలి, అంతే. అది దాని లోపం కాదు, దాని స్వభావం. ప్రాంతాన్ని తల్లిగా చూసే పాట కొడుకుల మధ్య తగవుల్ని లోపలికి రానివ్వదు. పల్నాటి గాథ పుట్టిందే తగవు నుంచి. అలాంటి గాథను మనం 'మా తెలుగు తల్లికి' పాడినట్టు పాడాలని చూశాం.

ఇప్పుడు కారెంపూడి వెళ్దాం. ఏటా కార్తీక అమావాస్య నాడు అక్కడ పల్నాటి వీరుల ఉత్సవాలు మొదలై ఐదు రోజులు సాగుతాయి. వీరుల గుడి నాగులేటి ఒడ్డున ఉంది. చుట్టుపక్కల ఊళ్ల నుంచీ దూరప్రాంతాల నుంచీ వీరాచారవంతులు తమ ఇంటి వీరుల ఆయుధాలు తీసుకొస్తారు. వాటిని కొణతాలు అంటారు. వాటికి పూజ ఉంటుంది, ఊరేగింపు ఉంటుంది. వీరవిద్యావంతులు కత్తి పట్టి ఆయా ఘట్టాలు పాడతారు. రోజుకో పేరు: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు.

ఈ ఐదు పేర్లనూ నేను పైన చెప్పిన కథ పక్కన పెట్టి మళ్లీ చదవండి. ఏదో తేడా కనిపించాలి.

కథలో కోడిపందెం మొదట, మంద మీద దాడి తరువాత, రాయబారం చివర. ఉత్సవంలో రాయబారం ముందు, తర్వాత మందపోరు, ఆ తర్వాత కోడిపోరు. వరుస తిరగబడింది! ఐదు రోజుల ఉత్సవాన్ని శతాబ్దాలుగా కాపాడుకొస్తున్నవారికి కథ వరుస తెలియదనుకోవడం అమాయకత్వం. వీరవిద్యావంతులకు ఆ కథ రాత్రుల తరబడి పాడేంత వచ్చు. కాబట్టి కథ చెప్పడం ఈ ఉత్సవం పని కాదని మనం ఒప్పుకోవాలి. ఇక్కడి నుంచి నేను చెప్పేది నా వ్యాఖ్యానం, మీరు అంగీకరించనక్కరలేదు. కథ కారణం నుంచి ఫలితానికి నడుస్తుంది. ఉత్సవం ఫలితం నుంచి కారణానికి వెనక్కి నడుస్తుంది. రాయబారం చెడింది, ఎందుకు? మందలు తెగాయి, ఎందుకు? కోళ్లు పోట్లాడాయి. అంతే. ఆ మరునాడే కల్లిపాడు, వీరుల మరణాన్ని తలచుకునే రోజు. ఒక కోడిపందానికీ ఇన్ని చావులకూ మధ్య కథలో ఏళ్ల దూరం ఉంది. ఉత్సవంలో ఒక్క రాత్రే ఉంది. కారణం ఎంత చిన్నదో, దానికి చెల్లించిన మూల్యం ఎంత పెద్దదో ఇంతకన్నా సూటిగా ఏ కవీ చెప్పలేదు.

ఈ గాథను 'పల్నాటి భారతం' అనడం మనకు అలవాటు. జూదం బదులు కోడిపందెం, వనవాసం, రాయబారం, యుద్ధం, కృష్ణుని స్థానంలో బ్రహ్మనాయుడు. పోలిక నిజమే. కానీ ఆ పోలిక ఒప్పుకున్న క్షణంలో ఒక పక్షం పాండవులు, మరొకటి కౌరవులు అయిపోతారు, ఎవరి వైపు నిలబడాలో ముందే తేలిపోతుంది. ఉత్సవంలోని తిరగబడిన వరుస ఆ సౌకర్యాన్ని కొంత తీసేస్తుంది.

పునరభినయం అన్నిచోట్లా ఇలాగే పనిచేస్తుందని మాత్రం అనుకోవద్దు. అమెరికాలో 1861 నుంచి 1865 వరకు జరిగిన అంతర్యుద్ధాన్ని ఇప్పటికీ పాత యూనిఫాంలు, తుపాకులతో మైదానాల్లో మళ్లీ ఆడి చూపే సంప్రదాయం ఉంది. అదీ ఒకే దేశపువాళ్ల మధ్య యుద్ధమే, అక్కడా పాటలు వెంట ఉంటాయి. దక్షిణాది అభిమానానికి గుర్తుగా నిలిచిన 'డిక్సీ' పాట 1859లో న్యూయార్కు రంగస్థలం మీద, ముఖాలకు నల్లరంగు పూసుకుని ఆడే హాస్యప్రదర్శనల్లో వెలుగు చూసింది. దాన్ని కట్టినవాడిగా పేరొందిన డాన్ ఎమ్మెట్ ఉత్తరాదివాడు. 'మేరీలాండ్, మై మేరీలాండ్' 1861లో పుట్టి, 1939లో ఆ రాష్ట్ర అధికార గీతమై, 2021లో ఆ హోదా పోగొట్టుకుంది. ఆ పాటలో లింకన్ నిరంకుశుడు. ఇటువంటి పాటలతో సాగే పునరభినయంలో టోపీ గుండీల దాకా అన్నీ సరిగ్గా ఉండవచ్చు, యుద్ధానికి మూలమైన బానిసత్వం మాత్రం మైదానంలో కనిపించకుండా పోవచ్చు. వివరాలు ఎంత కచ్చితంగా ఉంటే లోపించినది అంత తేలిగ్గా మరుగున పడుతుంది. మేరీలాండ్ వారికి ఆ పాటను పక్కన పెట్టడానికి ఎనభై ఏళ్లకు పైగా పట్టింది.

ఆ ప్రశ్ననే తిప్పి కారెంపూడిని అడగాలి. అక్కడ కనిపించనిది ఏమిటి?

మొదటిది నాగమ్మ. భర్త లేని స్త్రీ, రాజ్యం నడిపిన మంత్రిణి. గాథ ఆమెకు తెలివినిచ్చింది, గౌరవాన్ని ఇవ్వడానికి వెనుకాడింది. ఎత్తుగడ బ్రహ్మనాయుడిదైతే రాజనీతి, నాగమ్మదైతే కుట్ర. ఈ తేడా పాత్రల్లో ఉందా, చెప్పేవారి మాటల్లో ఉందా అన్నది మీరు పాఠం దగ్గర పెట్టుకుని తేల్చవలసిన విషయం. విషప్రయోగాన్ని ఎవరూ సమర్థించలేరు. కానీ ఒక్క ఆ పనితోనే ఆమె మొత్తం పాత్రను కొలిచి పక్కన పెట్టడం సోమరి విమర్శ.

రెండోది ఇంకా కష్టమైన ప్రశ్న. మందపోరు రోజున చాపకూడు ఉంటుంది. బ్రహ్మనాయుడు కులభేదం లేకుండా అందరినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి భోజనం పెట్టాడన్నదానికి అది పునరభినయం. మాల కన్నమదాసు అతని సేనాని, అతను కొడుకుగా చూసుకున్నవాడు. ఈ గాథను తరతరాలుగా నోట నిలిపిన వీరవిద్యావంతులు కూడా సంప్రదాయంగా మాల కులస్థులే. జీన్ రోఘేర్ అనే అమెరికన్ పరిశోధకుడు అలిసెట్టి గాలెయ్య అనే గాయకుడు పాడిన కథను రికార్డు చేసి, అనువదించి, 1982లో ఆంగ్లంలో గ్రంథంగా వెలువరించాడు. శ్రీనాథుని ద్విపదను బోధించే తరగతుల్లో గాలెయ్య పేరు ఎంతమంది విన్నారు? గాయకుడి పాఠంలో కథ మొత్తం ఉంది, కవి పాఠంలో మనకు దొరికింది ఒక భాగం. అయినా మనం భాగాన్ని 'కావ్యం' అనీ మొత్తాన్ని 'జానపదం' అనీ అంటున్నాం. చాపకూడు రోజున ఒకే చాప మీద కూర్చోవడం ఎంత అవసరమో, పుస్తకాల అరలో ఈ రెండు పాఠాలూ పక్కపక్కన ఉండడం కూడా అంతే అవసరం అని నా వాదన. ఏడాదికి ఒక రోజు చాప పరచడం మిగతా రోజులకు సాకుగా మారే ప్రమాదం కూడా ఉంది. ఉత్సవం ఆ ప్రమాదాన్ని తప్పించుకుందా లేదా అన్నది ఆ ఊళ్లవారు చెప్పాలి, మీలో కొందరు ఆ ఊళ్లవారే కావచ్చు.

ఇక మీరు అంచున రాసుకున్న మాట. దాన్ని కొట్టేయమని చెప్పను. గాథలో పౌరుషం ఉంది. బాలచంద్రుడి మాటల్లో ఉంది, యుద్ధానికి సాగనంపిన మాంచాలలో ఇంకా ఎక్కువ ఉంది. కాకపోతే ఆ మాటను ఈమధ్య ఊళ్ల కక్షలకూ ఎన్నికల కొట్లాటలకూ కూడా తగిలిస్తున్నారు, ఒక ప్రాంతం మనుషులు పుట్టుకతోనే అంతేనన్నట్టు. అలా తగిలించేవారికి బొంగరాల ఆట గుర్తుంటుంది, అనపోతు గుర్తుండడు. కోడిపోరు గుర్తుంటుంది, దాని మరునాడు గుర్తుండదు.

పరీక్ష కోసం కాకపోయినా ఒక పని చేయండి. బాలచంద్ర యుద్ధభాగంలో బొంగరాల ఆట నుంచి అనపోతు మరణం దాకా ఒకే కూర్చోలో, వీలైతే పైకి చదవండి. గొంతు ఎక్కడ తగ్గుతుందో ఆ పంక్తి పక్కన గుర్తు పెట్టండి. పల్నాటికి దగ్గరలో ఉన్నవారు కార్తీక అమావాస్య తర్వాత కోడిపోరు రోజున మాత్రమే వెళ్లి తిరిగి రావద్దు, ఆ రాత్రికి అక్కడే ఉండి కల్లిపాడు కూడా చూడండి. పాడేవారి పక్కన కాసేపు కూర్చుని, ఆ కథ ఎవరి దగ్గర నేర్చుకున్నారో అడిగి, వారు చెప్పిన పేర్లు రాసుకోండి.